ఫోను మనదే, తాళం ఎవరిది?

(కె.జి.ఎఫ్.లో యువజనుల ఆదివారం సాయంత్రపు కూడికలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ పొద్దు వేరే విషయం మాట్లాడదామని రాసుకుని వచ్చాం. పొద్దున ఆరాధనలో జరిగింది చూశాక ఆ కాగితం మడిచి జేబులో పెట్టేశాం. మీరూ చూశారు. మూడో పాట తెర మీదికి వచ్చింది. పల్లవి ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, అడ్డగీతలు. పాటల పుస్తకం చేతిలో ఉన్న అవ్వలు ఆగకుండా పాడుకుంటూ పోయారు. తెర మీద చూసి పాడేవాళ్ళం అందరం నోరు మూసుకుని నిలబడ్డాం. లాప్‌టాప్ దగ్గర కూర్చున్న తమ్ముడికి చెమటలు పట్టాయి. ఆరాధన అయ్యాక అతన్ని మందలించినవాళ్ళు ముగ్గురు. ఆ ముగ్గురిలో మేమూ ఒకరం కాబోయాం, చివరి నిమిషంలో తగ్గాం.

అతని తప్పేమీ లేదు. ఆ పాటల ఫైలు చాలా ఏళ్ళ కిందట ఒక డి.టి.పి. షాపులో అను ఫాంటులో టైపు చేయించినది. ఆ పాత పద్ధతిలో తెలుగు అక్షరానికి సొంత చోటు లేదు. ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు ఉన్న గదుల్లోనే మన అక్షరాల బొమ్మలు పెట్టేవాళ్ళు. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్లో తెరిస్తే తెలుగు కనిపిస్తుంది. లేని కంప్యూటర్లో తెరిస్తే ఆ గదుల అసలు యజమానులు బయటికి వస్తారు. పొద్దున మనం చూసింది వాళ్ళనే. 1991లో వచ్చిన యూనికోడ్‌లో తెలుగుకు సొంత గదులు ఇచ్చారు. అంటే ముప్ఫై ఏళ్ళు దాటింది. అయినా మన సంఘాల్లో పాటలు, సంఘ చరిత్రలు, సభ్యుల పట్టికలు ఇంకా ఆ పాత గదుల్లోనే ఉన్నాయి. ఆ లాప్‌టాప్ పోతే అవీ పోయినట్టే. తెలుగు బడి లేని ఊళ్ళలో ఉండే మనలాంటివాళ్ళకు ఇది చిన్న నష్టం కాదు. ఆ ఫైళ్ళను మార్చే పరికరాలు ఉన్నాయి, ఉచితంగానే దొరుకుతాయి. కాకపోతే ఎవరో ఒకరు కూర్చుని పాట పాటకూ సరిచూడాలి, ఎందుకంటే ఒత్తులు, వట్రసుడులు తారుమారవుతాయి. పొద్దున తిట్లు తిన్న తమ్ముడికి తోడుగా ఇద్దరు కూర్చుంటే రెండు నెలల పని.

తెలుగు అక్షరం గురించి ఇంకొకటి చెప్పి ముందుకు పోతాం. 2018 ఫిబ్రవరిలో ఒక వార్త వచ్చింది. తెలుగు అక్షరం ఒకటి వస్తే ఐఫోన్లు ఆగిపోతున్నాయని. ఆ అక్షరం 'జ్ఞా'. మెసేజిలో అది వస్తే ఆ యాప్ మూసుకుపోయేది, మళ్ళీ తెరిస్తే మళ్ళీ మూసుకుపోయేది. కొందరు ఆకతాయిలు అదే పనిగా అందరికీ పంపారు. నిజానికి మనం మామూలుగా రాసే 'జ్ఞా'తో ఏ బాధా లేదు. అక్షరాలను కలపవద్దని చెప్పే, కంటికి కనిపించని గుర్తు ఒకటి ఉంటుంది. ఆ గుర్తు దాని మధ్యలో పడితే, దాన్ని ఎలా గీయాలో ఫోనులోని సాఫ్ట్‌వేరుకు తెలియలేదు. అది సాఫ్ట్‌వేరు తప్పు. కానీ ప్రపంచమంతా 'తెలుగు అక్షరం ఫోన్లను చంపుతోంది' అని రాసింది. బెంగాలీ, దేవనాగరి లిపుల్లోనూ అలాంటి కూర్పులు దొరికాయి. ఫిబ్రవరి 19న 11.2.6 అనే అప్‌డేటుతో సరిచేశారు.

జ్ఞానం, జ్ఞాపకం, విజ్ఞాపన ప్రార్థన. ఈ అక్షరం లేకుండా మన కూడిక పది నిమిషాలు నడుస్తుందా? కోట్లమంది మాట్లాడే భాషలో రోజూ వాడే అక్షరం అది. దాన్ని అన్ని రకాలుగా ముందే పరీక్షించి ఉంటే ఆ తప్పు బజారు దాకా వచ్చేది కాదు. చెడిపోయినప్పుడు మాత్రం పేరు మనకు వచ్చింది. ఇలాంటిది మన ఇళ్ళలోనూ రోజూ జరుగుతుంది. ఫోను మొండికేస్తే 'నీకు వాడటం చేతకాదు' అని అమ్మను అంటాం. ఆమె కూడా నిజమే కాబోలు అనుకుంటుంది.

అమ్మల మాట వచ్చింది కాబట్టి పేర్ల సంగతి. మన వీధుల్లో చాలామందికి పేరు ముందు ఒకటో రెండో పొడి అక్షరాలు ఉంటాయి. ఇంటిపేరు అని విడిగా రాయం. కానీ ప్రతి యాప్ మొదటి పేరు, చివరి పేరు అని రెండు పెట్టెలు పెట్టి, రెండోది నింపందే కదలనంటుంది. ఏదో ఒకటి నింపుతాం. ఆధార్‌లో ఒక రకం, బ్యాంకులో ఒక రకం, పి.ఎఫ్.లో ఒక రకం. బెంగళూరు గార్మెంట్స్‌లో తొమ్మిదేళ్ళు కుట్టుపని చేసిన ఒక అక్క, కూతురి పెళ్ళికి పి.ఎఫ్. డబ్బు తీసుకుందామని అర్జీ పెట్టింది. పేరు కలవలేదని తిరగ్గొట్టారు. ఒకసారి కాదు, నాలుగుసార్లు. పెళ్ళి వడ్డీ డబ్బుతో జరిగింది. పేరులో తేడా ఏమిటో తెలుసా? ఒక చుక్క, ఒక ఖాళీ. మేము ఆమెతో పాటు తిరిగాం, చివరికి సరిపోయింది. ఆ వడ్డీ మాత్రం ఇప్పటికీ కడుతోంది.

ఇప్పుడు ఫోను దగ్గరికి వద్దాం.

మన ఊరి సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. శివనసముద్రం నుంచి 1902లోనే కరెంటు వచ్చిన ఊరు ఇది. దేశంలో ఎన్నో పెద్ద పట్టణాల్లో దీపం లేని రోజుల్లో ఇక్కడి గనుల్లో మోటార్లు తిరిగాయి. ఫిట్టర్లు, టర్నర్లు, వైండింగు డ్రైవర్లు మన తాతలే. యంత్రం ఆగితే విప్పేవాళ్ళు, చూసేవాళ్ళు, అవసరమైన ముక్క వర్క్‌షాపులోనే కోసి బిగించేవాళ్ళు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. అప్పటి నుంచి తెల్లవారుజామున మారికుప్పం రైలెక్కి బెంగళూరు పోవడమే మన బతుకు. ఇప్పుడు ఆ రైల్లో పోయే కుర్రాళ్ళలో చాలామందికి పనిముట్టు ఫోనే. తాతకు స్పానరు ఎలాగో మనవడికి ఫోను అలాగ. తేడా ఒక్కటే. ఈ పనిముట్టును విప్పే హక్కు మనవడికి లేదు.

మా కూడికకు వచ్చే ఒక తమ్ముడు అక్కడ ఫుడ్ డెలివరీ చేస్తాడు. వాయిదాల మీద ఫోను కొన్నాడు. పద్నాలుగు నెలలకు బ్యాటరీ ఉబ్బి వెనక మూత పైకి లేచింది. పాత ఫోన్లకు గోటితో మూత తీసి బ్యాటరీ మార్చేవాళ్ళం, గుర్తుందా? వర్షంలో తడిస్తే బ్యాటరీ తీసి బియ్యం డబ్బాలో పెట్టేవాళ్ళం. ఇప్పుడు అంతా జిగురుతో అతికించేస్తున్నారు. సర్వీసు సెంటరుకు పోతే వారంటీ అయిపోయింది, బోర్డు కూడా మార్చాలి అన్నారు. చెప్పిన రేటు ఫోను ఖరీదులో సగానికి మించి ఉంది. బయట చిన్న షాపులో ఒకాయన పన్నెండు వందలకు బ్యాటరీ వేశాడు. రెండు వారాలు బాగానే ఉంది, తర్వాత మధ్యాహ్నానికే చార్జింగు దిగిపోవడం మొదలైంది. అసలు సరుకు ఆయనకు దొరకదు, కంపెనీ అమ్మదు. చేతిలో ఆర్డరు ఉండగా ఫోను ఆరిపోయింది. అలా మూడుసార్లు జరిగేసరికి అతని ఐ.డి. ఆపేశారు. ఎందుకు ఆపారని అడగడానికి మనిషి లేడు. చాట్‌లో ఏది అడిగినా ఒకటే జవాబు వస్తోంది. పని లేదు కాబట్టి ఫోను వాయిదా తప్పింది. వాయిదా తప్పింది కాబట్టి అప్పిచ్చినవాళ్ళు ఎక్కడో కూర్చుని ఫోనుకు తాళం వేశారు. ఫోను లేదు కాబట్టి వేరే పని వెతుక్కోవడానికీ దారి లేదు. మేము ఈ కథ కల్పించలేదు. అతను వెనక వరసలో కూర్చున్నాడు, అతని అనుమతితోనే చెబుతున్నాం, పేరు మాత్రం వద్దన్నాడు.

ఇందులో అతని తప్పు ఎంత? ఫోనును ఎండలో బండి మీద పెట్టాడు. మ్యాపు చూడాలంటే అక్కడే పెట్టాలి మరి. రాత్రంతా చార్జింగులో ఉంచాడు. మనలో ఎవరు ఉంచరు?

ఇలాంటి బాధ పడేది మనం ఒక్కరమే కాదు. 2017 డిసెంబరులో ఆపిల్ ఒక సంగతి ఒప్పుకుంది. బ్యాటరీ పాతబడ్డ ఐఫోన్లను అప్‌డేటు ద్వారా నెమ్మది చేస్తున్నామని. ఫోను ఉన్నట్టుండి ఆగిపోకుండా అలా చేశామన్నారు. అది అబద్ధమని మేము అనడం లేదు. కానీ కొన్నవాడికి చెప్పలేదు. నా ఫోను ముసలిదైపోయింది అనుకుని ఎంతమంది కొత్తది కొనుక్కుని ఉంటారు? బ్యాటరీ ఒక్కటి మారిస్తే సరిపోయేదని వాళ్ళకు తెలియదు. తర్వాత క్షమాపణ చెప్పి బ్యాటరీ ధర 79 డాలర్ల నుంచి 29కి తగ్గించారు. ఫ్రాన్సులో 2020లో రెండున్నర కోట్ల యూరోల జరిమానా పడింది. ఆ జరిమానా కూడా నెమ్మది చేసినందుకు కాదు, చెప్పనందుకు.

యూరప్‌లో ఇప్పుడు కట్టుదిట్టం చేస్తున్నారు. 2025 జూన్ 20 నుంచి అక్కడ కొత్తగా అమ్మకానికి తెచ్చే ఫోన్లకు ఆ మోడల్ అమ్మకం ఆపేశాక కూడా కనీసం ఐదేళ్ళు సాఫ్ట్‌వేరు అప్‌డేట్లు, ఏడేళ్ళు విడిభాగాలు అందించాలి. 2027 ఫిబ్రవరి 18 నుంచి చిన్న పరికరాల్లో బ్యాటరీ కొన్నవాడే తీసి మార్చుకోగలిగేలా ఉండాలన్న నియమం వస్తోంది. మన దగ్గర 2022 జూలైలో వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కు మీద ఒక కమిటీ వేసింది. అదే ఏడాది డిసెంబరు 24న ఒక పోర్టల్ మొదలుపెట్టింది. ఏ కంపెనీ సర్వీసు సెంటరు ఎక్కడ ఉంది, విడిభాగాలు, వారంటీ ఏమిటి అని అందులో చూసుకోవచ్చు. రిపేరుకు ఎంత అనువుగా ఉందో వస్తువు మీదే మార్కులు వేసి చూపించాలని ఇంకో కమిటీ 2025లో నివేదిక ఇచ్చింది. పోర్టల్ మంచిదే. కానీ అది సమాచారం ఇస్తుంది, కంపెనీని కట్టిపడేయదు. చట్టంగా వచ్చేదాకా చిన్న షాపు ఆయనకు అసలు బ్యాటరీ దొరకదు.

చట్టంగా ఉన్నవాటిని మనం వాడుకుంటున్నామా? అదీ అడుగుదాం. 1915 అని ఒక నంబరు ఉంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను. తెలుగులోనూ, కన్నడంలోనూ మాట్లాడొచ్చు. ఫోను సంగతి మేము అక్కడ చెప్పాక కంపెనీ వాళ్ళే తిరిగి ఫోను చేశారు. బోర్డు మార్చాలన్న మాట పోయింది, బ్యాటరీ ఒక్కటి మారిస్తే చాలన్నారు! బిల్లు ఉంది కాబట్టి అది జరిగింది. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మీరు కట్టిన మొత్తం ఐదు లక్షల లోపు అయితే అక్కడ ఫీజు లేదు, లాయరు ఉండి తీరాలని లేదు. కేసు ఆన్‌లైన్లోనే వేయొచ్చు. ఇక ఐ.డి. ఆపేసిన సంగతి. కర్ణాటకలో 2025లో గిగ్ కార్మికుల చట్టం వచ్చింది. కారణం రాసి ఇవ్వకుండా, 14 రోజుల ముందు చెప్పకుండా మామూలుగా ఒక కార్మికుణ్ణి తీసేయకూడదని అందులో ఉంది. మన తమ్ముడి అర్జీ దాని కిందే పెట్టాం. ఇంకా జవాబు రాలేదు. వస్తే మీకు చెబుతాం, రాకపోయినా చెబుతాం. షోలాపూర్లోనో, బరంపురంలోనో, యానాంలోనో ఇది చదివేవాళ్ళు తమ రాష్ట్రంలో ఏముందో విడిగా కనుక్కోవాలి, ఈ చట్టం కర్ణాటక వరకే.

ఆటల గురించి మాట్లాడకపోతే కుర్రాళ్ళు ఊరుకోరు. ఇక్కడ జాగ్రత్తగా వినండి, ముఖ్యంగా పెద్దలు.

ఎనిమిదో తరగతి పిల్లవాడు. తల్లి గార్మెంట్స్‌కు పోతుంది, తండ్రి లేడు. ఫోను సాయంత్రం ఇంట్లో ఉంటుంది, పిన్ను పిల్లవాడికి తెలుసు. నలభై, ఎనభై, నూట అరవై ఇలా రెండు నెలల్లో 6,400 రూపాయలు ఆటలో పోయాయి. తల్లికి అద్దె కట్టబోయే రోజు తెలిసింది. కొట్టింది. తర్వాత మా దగ్గరికి తీసుకొచ్చి 'వీడికి ప్రార్థన చేయండి' అంది. ప్రార్థన చేశాం. తర్వాత వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఆ ఆట ఆడి చూపించమన్నాం.

వాడు కొన్నది తుపాకీ కాదు, బలం కాదు. ఒక చొక్కా. ఆటలో బొమ్మకు వేసే చొక్కా. ఊరికే వచ్చే బట్టలతో ఆడితే తోటి పిల్లలు 'నూబ్' అని వెక్కిరిస్తారట, జట్టులో చేర్చుకోరట. బడిలో చిరిగిన యూనిఫాం వేసుకున్న పిల్లవాడికి అయ్యే అవమానమే ఇది. బీదతనం బయట కనబడకుండా దాచుకునే చోటు ఒకటి దొరికింది అనుకున్నాడు, అక్కడా బట్టలు చూశారు. వాడు ఆ మాట చెప్పినప్పుడు మాకు ఏం మాట్లాడాలో తోచలేదు.

ఆ అంగడి ఎలా కట్టారో చూడండి. ధర రూపాయల్లో చూపించరు, వజ్రాల్లో చూపిస్తారు. చొక్కా 300 వజ్రాలు, అమ్మేది మాత్రం 250 ఒక కట్ట, 500 ఒక కట్ట. ఏది కొన్నా ఎంతో కొంత మిగులుతుంది, లేదా తక్కువ పడుతుంది. మిగిలినవి పాడుచేయడం ఎందుకని ఇంకో కట్ట. పక్కన గడియారం వెనక్కి తిరుగుతూ ఉంటుంది, ఇంకా రెండు గంటలే అని. రేపు చూస్తే అదే గడియారం మళ్ళీ మొదటి నుంచి. డిగ్రీ చదివిన మేమే రెండుసార్లు లెక్క తప్పాం. పదమూడేళ్ళ పిల్లవాడి మీద ఇంత తెలివి ఎందుకు ఖర్చు పెట్టారు?

ఇలా మోసంగా తొందరపెట్టడాన్ని 2023 నవంబరు 30న వచ్చిన కేంద్ర మార్గదర్శకాలు తప్పు అన్నాయి. అలాంటి 13 రకాల ఎత్తుగడలను పేరు పెట్టి చెప్పాయి. దొంగ తొందర వాటిలో ఒకటి. చందా కట్టడం సులువుగా, ఆపడం కష్టంగా చేయడం ఇంకొకటి. వాటి మీద కూడా 1915కే చెప్పొచ్చు. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందెం పెట్టి ఆడే ఆటలను నిషేధించింది. చాలా ఇళ్ళు దానివల్ల ఊపిరి పీల్చుకున్నాయి. కానీ ఈ చొక్కాల ఆట దాని కిందికి రాదు. ఇక్కడ పందెం లేదు, గెలిస్తే డబ్బు రాదు. పోవడం మాత్రమే ఉంది.

డబ్బు పోయిందని తెలియగానే, 48 గంటల లోపు, ప్లేస్టోరులో రిఫండు అడగండి. మేము చివరి రెండు కొనుగోళ్ళకు అడిగాం, 240 వెనక్కి వచ్చింది. ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డు అడిగేలా అదే ప్లేస్టోరులో పెట్టుకోవచ్చు. పిన్ను మార్చండి. పిల్లవాణ్ణి కొట్టకండి. ఆట మొత్తం సాతానుది అని ఈ వేదిక మీద నుంచి ఎవరైనా అంటే, మేము ఒప్పుకోం. మేమూ ఆడతాం. ఫ్రెండుతో కలిసి ఆడే అరగంట మంచిదే. కొన్నది నిజంగా కొన్నామా అన్నదే మా గొడవ. 'ది క్రూ' అని కార్ల ఆట ఒకటి 2014లో వచ్చింది. డబ్బు పెట్టి కొన్నవాళ్ళకు 2024 మార్చి 31 తర్వాత అది అసలు తెరుచుకోలేదు, కంపెనీ సర్వర్లు ఆపేసింది. ఒంటరిగా ఆడుకునేవాడికి కూడా. కొన్నామని అనుకున్నవాళ్ళందరూ నిజానికి అద్దెకు తీసుకున్నారన్నమాట.

మన సంఘంలోనూ అదే వస్తోంది. సండే స్కూలుకు ఎవరో దానంగా ఇచ్చిన మూడు కంప్యూటర్లున్నాయి, విండోస్ 10తో. వాటికి మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. యంత్రాలు బాగున్నాయి, కీబోర్డులు బాగున్నాయి. విండోస్ 11 మాత్రం వాటిలో ఎక్కదు, అది అడిగే చిప్పు వాటిలో లేదు. చెత్తకు వేద్దామని కమిటీలో మాట వచ్చింది. వద్దు. లినక్స్ వేసుకుందాం. అది ఉచితం, తెలుగు అక్షరాలు బాగానే చూపిస్తుంది, పాటలు తెర మీద వేయడానికి అది చాలు. మొదటి వారం అందరూ విసుక్కుంటారు, ఆ సంగతి ముందే చెబుతున్నాం.

ఇంతసేపు కంపెనీలను అన్నాం. ఇప్పుడు మా వంతు. పోయిన క్రిస్మసుకు బట్టల పంపిణీకి పేర్లు గూగుల్ ఫారంలో తీసుకున్నది మేమే. లింకు వాట్సాప్‌లో పెట్టాం, పని అయిపోయిందనుకున్నాం. ఛాంపియన్ రీఫ్స్ లైన్లలో ఒంటరిగా ఉండే ఒక అవ్వ దగ్గర పాత బటన్ ఫోను ఉంది. ఇంకో ఇంట్లో ఉన్న ఫోను మరీ పాతది, 2025 జనవరి 1 నుంచి కిట్‌క్యాట్ ఫోన్లలో వాట్సాప్ ఆగిపోయింది కదా, ఆ రకం. ఆ రెండు ఇళ్ళకూ చీర అందలేదు. అవ్వ ఏమీ అనలేదు. ఈస్టరు దగ్గర పడ్డాక వేరే మాటల్లో 'నా పేరు తీసేశారు అనుకున్నా నాయనా' అంది. తీసేయలేదు, అసలు రాయనే లేదు. మా కంటే ఆ డెలివరీ కంపెనీ ఏం చేసింది ఎక్కువ? కానుకల పెట్టె పక్కన క్యూ.ఆర్. పెట్టినప్పుడు కూడా ఇంతే. పెట్టెను మూలకు జరిపి బోర్డును ముందుకు పెట్టాం. వచ్చే ఆదివారం నుంచి పెట్టె పాత చోటికి వస్తుంది. పేర్లు ఇక నుంచి ఫారంలోనూ తీసుకుంటాం, నోటు పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి కూడా రాస్తాం. లైన్ల వైపు తిరగడానికి ఇద్దరు కావాలి, కూడిక అయ్యాక పేర్లు ఇవ్వండి.

శనివారం సాయంత్రం నాలుగు గంటలకు ఇదే హాల్లో కూర్చుంటాం. చెడిపోయిన ఫోన్లు, మొరాయించే ఫోన్లు, పేరు కలవని పి.ఎఫ్. కాగితాలు ఏవి ఉన్నా తీసుకురండి. ఎలక్ట్రానిక్స్ ఐ.టి.ఐ. చదివిన ఇద్దరు తమ్ముళ్ళు టూల్స్‌తో వస్తామన్నారు. బ్యాటరీ ఉబ్బిన ఫోను ఉంటే దాన్ని నొక్కకండి, గుచ్చకండి, చార్జింగు పెట్టకండి, అలాగే సంచిలో వేసుకుని రండి. బిల్లు దొరికితే బిల్లు. లేకపోతే కొన్న షాపు పేరు, కొన్న నెల గుర్తు చేసుకుని రండి. అవ్వలను ఎవరైనా బండి మీద తీసుకురావాలి. చార్జర్లు మర్చిపోవద్దు, ఇక్కడ మా దగ్గర రెండే ఉన్నాయి.